ప్రథమ పురుష, ఏకవచనం

పంటు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడిచి
తూముల్లంక బడికి చేరేసరికి తొమ్మిదీ పది.
మూడో తరగతీ నాలుగో తరగతీ ఒకటే గది.
మధ్యలో గోడ లేదు, నేనున్నాను.

బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాశాను: హి, షి, ఇట్.
నిరుడు వరద నిలిచిన ఒండ్రు గీత
బోర్డుకి అడ్డంగా ఇంకా ఉంది.
హి, షి పైన పడ్డాయి.
ఇట్ గీత కిందికి జారింది.

మన వ్యాకరణంలో వీళ్ళది ప్రథమ పురుష,
ఇంగ్లీషు లెక్కలో థర్డ్ పర్సన్.
ఏరు దాటేసరికి మొదటివాళ్ళు మూడోవాళ్ళయ్యారు.

"మగాళ్ళకి హి, ఆడాళ్ళకి షి,
గొడ్డుకీ గోదకీ, పడవకీ పలకకీ ఇట్."
పదకొండేళ్ళుగా చెబుతున్న ముక్కే.
లోవరాజు లేచాడు:
"మా గేదె షి కాదాండీ? మొన్నే ఈనిందండి."
గది గొల్లుమంది.
"మీ పాకలో షి, పరీక్షలో ఇట్" అన్నాను.
సరేనని కూర్చున్నాడు గానీ
నమ్మినట్టు లేదు.

ఎస్తేరు నోటుపుస్తకం తెరిచాను:
మై మదర్ గోస్ టు రొయ్యల షెడ్.
ఇట్ కమ్స్ నైట్.

ఎర్ర పెన్ను గాల్లోనే ఆగింది.
తప్పు పిల్లది కాదు మరి.
షెడ్డు మేస్త్రీ, కాటా కుర్రాడూ, వ్యాను డ్రైవరూ,
ఇంట్లో నాన్నా,
అదొచ్చిందా, అదెళ్ళిందా, అదింకా తెమల్లేదా!
పడవొచ్చినా ఆ మాటే, గేదొచ్చినా ఆ మాటే,
వాళ్ళమ్మొచ్చినా ఆ మాటే.
ఆవిడ, గారు అని మనకీ ఉన్నాయి,
బంగారు గాజుల్లాంటివి,
అన్ని చేతులకీ ఎక్కవు.
నేను మాత్రం?
మా ఇంట్లో అంట్లు తోమే సూర్యకాంతం రాని రోజున
"అది ఇవాళా ఎగ్గొట్టింది" అనేది నా నోరే.

ఇట్ కొట్టేసి షి రాశాను.
"ఎందుకండీ?"
"అమ్మ కదా."
అంతకు మించి సూత్రం తోచలేదు.
ఆ పిల్ల పేజీలో ఉన్న ఇట్లన్నీ
వాళ్ళమ్మ రొయ్య తల తుంచినంత చప్పున తుంచేసింది.
చివర్న ఉన్న ఇట్ ఈజ్ రెయినింగ్‌ని కూడా
షి చేసేసింది.
అది మాత్రం దిద్దలేదు నేను.

కాస్త గర్వపడేలోపే 'వి' వచ్చి పడింది.
"వి అంటే మేమాండీ, మనమాండీ?" పాలేశ్వరి.
"రెండూనే."
"రెండూ ఎలాగండీ? మేం అంటే మీరు రారు,
మనం అంటే వత్తారు."
ఆ తేడా వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.
నీళ్ళొచ్చిన రాత్రి గట్టు మీది మైకు
"మనం జాగ్రత్తగా ఉండాలి" అందిట.
లంకలోంచి "మేం ఎక్కడికి పోవాలి" అని అరిచారుట.
ఆ రాత్రి నేను అమలాపురంలో, మేడ మీద, పొడి పక్క మీద.
అంత పెద్ద భాషలో
ఇంత చిన్న గీత గీయడానికి చోటు లేకపోయింది.
"రేపు చెబుతాను" అన్నాను.
రేపు కూడా నాకు తెలీదు.

సాయంత్రం రేవులో పంటు ఆగింది.
సరుకు తక్కువట, షెడ్డు పెందలాడే వదిలేశారు.
ఎస్తేరు వాళ్ళమ్మ దిగింది,
ఐసుకి నాని తెల్లబడ్డ వేళ్ళతో చెంగు సర్దుకుంటూ.
"మా పిల్లెలా చదువుతుందండీ?"
"అది..." అనబోయి, మింగి,
"ఎస్తేరు బాగా చదువుతోందండీ" అన్నాను.
"ఆయ్" అంది, నవ్వి.

పంటు కదిలాక ఒడ్డున పరుగు వినిపించింది.
"షి కమ్! షి కమ్!"
చివర ఎస్ లేదు.
చెబుదామంటే
అప్పటికే మధ్యలో చాలా నీళ్ళున్నాయి.