మూడు గుంటల పేరు

బషీర్‌బాగ్‌ల మా ఆఫీసు మూడో అంతస్తు.
లిఫ్టు మీద 'రిపేర్‌ల ఉన్నది' అని రాసిన అట్టముక్క
నేను చేరినప్పటి నుంచీ అట్లనే ఉంది.
ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చింది ఆమె,
నోట్లె కొంగు పెట్టుకొని ఆయాసం ఆపుకుంటూ.
"పంట పైసల ఆఫీసు ఇదేనా బిడ్డా?"

ఇదే.
అంటే, పైసలు ఇక్కడ ఉండవు.
ఇక్కడ పేర్లుంటయి.
మేం ఇరవై రెండు మందిమి, ఏజెన్సీ వాళ్లం,
పొద్దటి నుంచి పాస్‌బుక్కు పేరును ఆధార్ పేరు పక్కన నిలబెట్టి
కవల పిల్లలను పోల్చినట్టు పోలుస్తం.
కలిస్తే పచ్చ. కలవకుంటే ఎరుపు.
వానాకాలం వచ్చిందంటే మాకు కనపడే పచ్చ అదొక్కటే.

ప్లాస్టిక్ కవర్ల చుట్టిన పాస్‌బుక్కు విప్పింది.
సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు, బై అ, బై రెండు.
విస్తీర్ణం: సున్నా ఎకరం, మూడు గుంటలు.
గుంటకు నూట ఇరవై అయిదు.
నేను లెక్క కట్టేలోపే తనే చెప్పింది:
"మూడు వందల డెబ్బై అయిదు. రెండు పంటల నుంచి రాలే."

నారాయణఖేడ్ అవతల ఊరట.
తెల్లారక ముందే బయలెల్లిందట.
కండక్టరు ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టిండు.
బస్సు నమ్మింది ఎర్రొల్ల బుచ్చవ్వను.
కంప్యూటర్ నమ్మలే.

పాస్‌బుక్కుల 'బుచ్చమ్మ' అని ఉంది.

రాసేటాయన ఎవరో చదువుకున్నోడు,
అవ్వ అంటే మోటు అనుకొని
అమ్మ అని దిద్ది ఉంటడు, మర్యాదకే.
ఆ మర్యాద ఖరీదు
పంటకు మూడు వందల డెబ్బై అయిదు.

మా అమ్మ తన తల్లిని చచ్చేదాక అవ్వ అనే పిలిచింది.
నేను మా అమ్మను అమ్మ అంట.
రెండు పిలుపులకూ వాళ్లు పలికింది ఒక్క తీరుగనే.
సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అరవై రెండు శాతం పోలిక.
ఎనభై కావాలె.

అదే స్క్రీన్ మీద, నాలుగు వరుసల పైన,
ముప్పై ఎనిమిది ఎకరాల పెద్దమనిషి. చిరునామా జూబ్లీహిల్స్.
ఇంటిపేరు, నడిమి పేరు, తోకపేరు,
ఒక్క అక్షరం తప్పు లేదు.
ఆ భూమిల ఈతకొలను ఉందని, శనివారం పెండ్లిండ్లు అయితయని
మా సూపర్‌వైజర్ బామ్మర్ది అక్కడ లైటింగ్ కట్టొచ్చి చెప్పిండు.
పచ్చ.
దున్నేది ఎవరని అడిగే గడి మా ఫారంల లేదు.
కౌలుకు చేసేటోళ్లు ఫోన్ చేస్తే ఆ మాటే చెప్తం:
గడి లేదన్నా.
అవతల కొంచెంసేపు బోరుమోటారు చప్పుడు వినపడ్తది,
కట్ అయితది.

"దిద్దరాదు బిడ్డా, ఒక్కక్షరమే గద."
దిద్దొచ్చు. నా లాగిన్‌ల కాదు.
మీ మండలంల, తహసీల్దార్ లాగిన్‌ల.
"ఆడికి వోతే హైదరాబాద్ పొమ్మన్నరు."

నాకు మూడు నెలల జీతం రాలేదన్న సంగతి
ఎందుకు చెప్పిన్నో తెల్వదు.
ఆమె నా దిక్కు చూసి
కొంగు ముడి విప్పి రెండు జామపండ్లు బల్ల మీద పెట్టింది.
"ఆ మూడు గుంటల గట్టుమీది చెట్టుయి."

తర్వాత అడిగింది: నా పేరేది, చూపియ్యి.
మానిటర్ ఆమె దిక్కు తిప్పిన.
తిప్పొద్దు. తిప్పిన.
చదువు రాదు. ఎర్రగీత మీద వేలు పెట్టింది,
విత్తు దిగిన లోతు చూసినట్టు.
"ఉన్న గద అయితే," అన్నది.
పైసలకు కాదట వచ్చింది.
ముసలోడు పోయినంక
పాలోళ్లు తన పేరు తీసేసిండ్రేమోనని
రెండు పంటల నుంచి నిద్ర లేదట.

మెట్లు దిగిపోయింది.
కిటికీ అద్దం మీద ఆ యేటి తొలి వాన పడుతుంటే
'వ్యాఖ్య' అనే గడిల టైపు చేసిన:
బుచ్చవ్వ, బుచ్చమ్మ ఒక్కరే. నేను చూసిన.
ఎంటర్ కొట్టిన.
అక్షరాల పరిమితి దాటిందని వచ్చింది.
'నేను చూసిన' తీసేసి
మళ్లీ కొట్టిన.