పదిహేడు రోజుల పద్దు

గ్రీమ్స్‌పేటలో ఆడిటర్ మేడ మీదికి
స్టెబిలైజర్ అట్టపెట్టె చంకన పెట్టుకోని పోయినా.
సంవత్సరమంతా అందులోనే ఉండాది:
గ్యాసు బిల్లులు, రాగి గొట్టాల బిల్లులు,
అంగడి బాడిగ, కరెంటు,
ఇంకా వేలూరు.

వేలూరంటే పదిహేడు రోజులు.
ఇన్వర్టర్ ఏసీ బోర్డు బాగుచేసేది నేర్పిస్తారంటే
నలభై ఆరో ఏట
మీసం సరిగా రాని పిల్లకాయల పక్కన బెంచీ మీద కూర్చున్నా.
ఫీజు పద్దెనిమిది వేలు.
పాఠం చెప్పే సారుకు మా అక్క కొడుకు వయసు.
తెల్లారి ఆరు గంటల బస్సు, రాత్రికి అదే దోవ,
కాట్పాడి దాటితే నిద్ర.
ముప్పై మూడేళ్ళుగా బిల్లు మీద తప్ప
యాడా రాయని నా అక్షరాలు
నోటుబుక్కులో గీత మీద నిలబడలేక
కిందికి జారతా ఉన్నాయి.

కన్నబిరాన్ అద్దాలు నుదుటి మీదికి తోసి అడిగినాడు:
"చెంగల్రాయా, ఇది నీ వ్యాపారానికా, నీకా?"

ఏం చెప్పేది?
నేను యాడ అయిపోయి అంగడి యాడ మొదలవతాదో
నా చొక్కాలుతికే నా పెండ్లామే చెప్పలేదు.

ఆయనే చెప్పినాడు.
ఉన్న పనికి పదును పెట్టుకుంటే అంగడి ఖర్చంట,
కొత్త పనికి దోవ వేసుకుంటే సొంత ఖర్చంట.
"నువ్వు ఫ్రిజ్జు మెకానిక్కువి, ఏసీ బోర్డు నేర్చినావు.
పదునే అనుకుందాం."
ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టినాడు.
పాప నర్సింగు ఫీజు రసీదు మాత్రం పక్కకు తీసినాడు.
"ఇది ఇంటి లెక్క. దీనికి వేరే గడి."
అదీ నేను గ్యాసు నింపిన దుడ్డే సామీ
అనబోయి గమ్మునుండిపోయినా.

బస్సు టిక్కెట్లు ఒక్కోటీ వెలుతురుకు పట్టి చూసినాడు.
ముప్పై నాలుగు కాగితాలు.
ఎండకు అక్షరాలు ఎగిరిపోయి
తెల్లగా, నున్నగా.
"ఏమీ లేదబ్బా ఇందులో."

లేదు, నిజమే.
అసలు కాగితమే లేనివి ఇంకా ఉండాయి, చెప్తే నగతాడు.
నా పదమూడో ఏట కట్టమంచి దస్తగిరన్న
కంప్రెసర్ మీద నా చెవి ఆనించి
నడినెత్తిన స్పానరుతో ఒకటిచ్చి
"ఇను రా, అదే చెప్తాది" అన్నాడు.
ఫీజు: ఆదివారాలు ఆయన మేకలకు ఆకు.
సంతపేట డాక్టరమ్మ ఇంట్లో నేను కాల్చేసిన మోటారు,
దాని వెల నాలుగు నెలలు కట్టినా.
అంత బాగా ఏ బడీ నేర్పలేదు.
ఏ గడిలో రాస్తావు?

ఆయన కూడికలు వేస్తా ఉంటే
మూలనున్న ఆయన ఫ్రిజ్జు
దగ్గి, ఆగి, మళ్ళా దగ్గింది.
"రిలే పోతావుంది సార్. ఈ వారం దాటదు."
"తెరవకుండా ఎట్లా చెప్తావు?"

పిల్లోణ్ణి పంపి అంగట్లోంచి కొత్తది తెప్పించినా.
పాతది నల్లగా మాడి చేతిలోకి వచ్చింది.
నేను మసి తుడుచుకుంటా ఉంటే కన్నబిరాన్ అన్నాడు:
"బిల్లు రాయి. ఆఫీసు రిపేరు, నాకు ఖర్చు కిందికి వస్తాది."

రాసినా. రిలే, రెండొందల ఇరవై.
కూలి, నూటాయాభై.
కింద ఇంకొక గీత ఖాళీగా ఉండాది.
పెన్ను దాని మీద కాసేపు నిలబడింది.

ఏమీ రాయలేదు. చించి ఇచ్చినా.
మెట్లు దిగతా ఉన్నా వినపడతానే ఉండాది
ఫ్రిజ్జు, సమంగా.