మూడు వేళ్ళ గీత

బీచిరోడ్డు మ్యూజియంలో అద్దాలు తుడుస్తాను.
ఒకదాన్లో అరచేయంత ఎర్ర పెంకుముక్క.
"రోము, రెండో శతాబ్దం" అని చీటీ.
విశాఖ దాకా ఎలాగొచ్చిందో,
ఏ పడవ అడుగున, బరువుకి.

దాని మీద విల్లులా వంగిన మూడు వేళ్ళ గీత,
తడి మట్టి మీద ఎవరో లాగి వదిలేసింది.

కొత్తవలస పెంకుల బట్టీలో మాయమ్మా ఇలాగే లాగేది,
వందకో గీత.
పొద్దుగూకితే మేస్త్రీ గీతలు లెక్కెట్టి కూలిచ్చేవాడు.
ఒకనాడు రెండు తక్కువన్నాడు.
అమ్మ గొడవాడలేదు.
చేతులు కడుక్కుని ఎర్రనీళ్ళు పారబోసింది.

ఉప్పుగాలికి అద్దం రోజూ మసకేస్తుంది.
తుడిచినప్పుడల్లా నా గుడ్డ
ఆ వంపులోనే తిరుగుతుంది.

ఎవరివో ఏమో,
ఆవేళ కూలి నీకు ముట్టిందా?