ఎడమ అరికాలి మచ్చ

అరికాల్లో మచ్చుంటే దేశాలు తిరుగుతాడని
మా అప్ప దాలమ్మ మురిసిపోయేది.
తిరిగాను.
నౌపడా నుంచి విశాఖకి
ఆరేళ్ళుగా, ఆర్నెల్లకోసారి,
ప్యాసింజరు బండిలో.

మొదట ఉప్పుపెళ్ళ గుచ్చుకుందనుకున్నాను.
మడిలో దిగితే మండేది,
ఎవరికి మండదు గనక.
అంచులు చెమ్మ తగిలిన సిరాలా పాకాక
మడమ కండ కోశారు,
గజ్జల్లో గడ్డలూ తీశారు.

"తగ్గిపోయింది కదేటి" అంటాడు మేస్త్రీ బైరాగి.
తగ్గింది.
పొద్దు వాలేసరికి కాలు
నానిన దుంగలా బరువెక్కుతుంది.
గట్టు మీద కూచుని బస్తాలు లెక్కేస్తాను,
సగం కూలికి.

రాత్రి సెల్లు లైటేసి
గున్నమ్మ నా వీపు చదువుతుంది.
ఒకప్పుడు ముద్దుపెట్టిన మచ్చ దగ్గర
వేలు ఆపి, ఊపిరి ఆపి,
పిల్లాడి స్కేలు అడుగుతుంది.
"పెరగలేదు."
ఆ ఒక్కమాట కప్పుకుని
ఇద్దరం పడుకుంటాం.

మొన్న పింఛను కాగితంలో
గుర్తింపు చిహ్నాలు రాయమంటే
పదో తరగతి సర్టిఫికెట్టు చూసి రాశాను:
ఎడమ అరికాలిపై పుట్టుమచ్చ.
గుమాస్తా చూపించమన్నాడు.
చెప్పు విప్పాను.

తొడ తోలు తెచ్చి అతికిన చోట,
ఎవరి కాలో అన్నట్టు,
ఒక వెంట్రుక మొలిచి ఉంది.