కుట్టుకు పోను

బొమ్మనహళ్లి. మూడంతస్తుల పైన రేకుల గది.
సాయంత్రం ఆరున్నర, గార్మెంట్స్ బస్సులింకా రాలేదు.
తొమ్మిది మంది పిల్లలు, ఏడు స్కేళ్లు,
వాటిలో ఒకటి మూడు దగ్గర విరిగింది.

లెక్క చదివాను:
సుధ దగ్గర ఎనభై అయిదు సెంటీమీటర్ల గుడ్డ ఉంది,
ముప్పై ఏడు కత్తిరించి చెల్లికి ఇచ్చింది...
"కూడాలా మిస్, తీసేయాలా?"
యశ్వంత్‌ది ఏ లెక్కకైనా ఇదే ప్రశ్న,
బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి
మెజెస్టిక్ పోతుందా అని అడిగినట్టు.

నేను చెప్పను.
"గుడ్డ గీయి" అంటాను.
గీస్తాడు, పేజీ దాటి చాప మీదికి.
"మరి కత్తెర ఎక్కడ పడింది?"
వెతుక్కుని వెతుక్కుని ఒక అడ్డగీత పెడతాడు.
అప్పుడు వాడి నోరు మూతపడుతుంది.
సగం నెల జీతం దానికే ఇవ్వాలి నాకు.

విరిగిన స్కేలు షబ్రీన్‌ది.
మూడు నుంచి మొదలు కాబట్టి
వచ్చిన దాంట్లో మూడు తీసేసి చెబుతుంది.
ఎవరూ నేర్పలేదు.
కొత్తది కొనిస్తానంటే,
"వద్దు మిస్, దీంతో అలవాటైంది."

నలభై ఎనిమిది, నలభై ఎనిమిది,
ఒకరిని చూసి ఒకరు కూడా నలభై ఎనిమిది.
మౌనేష్ ఒక్కడే నలభై ఆరు.
మళ్లీ చేయమన్నాను. మళ్లీ నలభై ఆరే.
ఎర్ర పెన్ను మూత తీశాను.

"కుట్టుకు పోను, మిస్."
"ఏంటి?"
"అంచు మడవకపోతే దారాలు ఊడొస్తాయి.
ఇటో సెంటీమీటరు, అటో సెంటీమీటరు."

పరీక్షలో మాత్రం నలభై ఎనిమిదే రాయాలన్నాను.
సరేనని తలూపాడు, పెద్దవాళ్లను సముదాయిస్తున్నట్టు.
పెన్నుకు మూత పెట్టేశాను.
నలభై ఆరు పక్కన ఏ గుర్తూ లేదు, ఇప్పటికీ.

ఎనిమిదింటికి వాళ్లమ్మ ఓబుళమ్మ వచ్చింది.
కదిరి నుంచి వచ్చి పదకొండేళ్లు,
గంటకు తొంభై కాలర్లు.
మెడలో టేపు తీయడం మర్చిపోయింది.
మెట్లెక్కిన ఆయాసం తగ్గనిచ్చి
ఊరికే, ఆమెనూ అడిగాను:
ఎనభై అయిదులో ముప్పై ఏడు కత్తిరిస్తే?

కొడుకు చెప్పులు వెతుకుతూ,
తలెత్తకుండానే అంది:
"ఏం గుడ్డ మేడమ్ అది?
సాగుతాదా, సాగదా?"