గట్టు తవ్వకుండా

పదకొండున్నర. మైనస్.
అంకె చెబితే మా పేటలో ఎవరికీ తెలియదు గానీ
"సోడాబుడ్డి ఎస్తేరు" అంటే
సఖినేటిపల్లి రేవులో ఎవరైనా ఇల్లు చూపిస్తారు.

అద్దాలు తీస్తే అవతలి గట్టు లేదు,
నరసాపురం లేదు, గోదారీ లేదు.
పచ్చగా కొంత, మట్టిరంగుగా కొంత,
తడిసిన కాగితం ఒకటి ఊగుతూ ఉండేది.
పెట్టుకుని పంటు ఎక్కితే
తుంపర్లు పడి, ఆరి, ఉప్పు చుక్కలు.
చున్నీతో తుడిస్తే గీతలు.

కానీ ఒకటి చెప్పాలి.
ఆ అద్దాలే తీసి
దారాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే
నాలుగు వేళ్ల దూరంలో
నూలు పోగు కొబ్బరి తాడంత.
దాని మెలికలు, మెలికల్లో నూగు,
పురి ఎక్కడ వదులైందో నా కొక్కెం సూదికి
ముందే తెలిసిపోయేది.
"నీ కంట్లో దేవుడు భూతద్దం పెట్టాడే" అనేది అమ్మ,
తన తప్పు కుట్టు నేను పట్టుకున్నప్పుడు,
కొంచెం కోపంగానే.

ఇరవై నెలల చీటీ పదమూడో నెలలో పాడి
భీమవరం వెళ్లాం, నేనూ నాన్నా,
లేసరు చేయించుకుందామని.
డాక్టరమ్మ కొలిచింది. మళ్లీ కొలిచింది.
గుడ్డు మీది అద్దం పొర పల్చన, అంది.
నీ నంబరు పోవాలంటే చాలా చెక్కాలి,
చెక్కితే మిగిలింది నిలవదు.
నాన్న కాలవ మీద లస్కరు.
ముప్ఫయ్యేళ్లు గండ్లు పూడ్చిన చేతులు ఒళ్లో పెట్టుకుని
"ఆయ్, పల్చటి గట్టు తవ్వకూడదండి" అన్నాడు
ఆవిడకే పాఠం చెబుతున్నట్టు.

ఇంకో దారి ఉంది, అంది.
గట్టు జోలికి పోకుండా
కంటిపాప వెనక, నీ సొంత లెన్సుకి ముందు
ఇంకో చిన్న లెన్సు జారవిడుస్తాం.
సరిపడకపోతే?
తీసేస్తాం.

ఆ మాట దగ్గర ఆగాను.
కట్‌వర్క్ గుడ్డలో కత్తెర పడిందంటే పడిందే.
అల్లిక అలా కాదు, కొస పట్టి లాగితే
రాత్రంతా అల్లిన పువ్వు
మళ్లీ దారమై ఒళ్లో కూర్చుంటుంది.

ఖర్చు రెండింతలు.
నాన్న గొడుగు మడత సర్దాడు, విప్పాడు, మళ్లీ సర్దాడు.

చుక్కలు వేశారు. మెలకువగానే ఉన్నాను.
వెలుతురు, నీళ్లు, ఎవరిదో చెయ్యి.
మడిచిన పూతరేకు లాంటిదేదో కంట్లోకి జారి
తొందర లేకుండా విప్పుకుంది.

రెండో కన్ను కూడా అయ్యాక, ఇంటికొస్తూ, పంటు మీద,
మా గట్టున ఎవడో సైకిలు మీంచి అరటి గెల దించుతున్నాడు.
అత్తాలు లెక్కపెట్టాను. తొమ్మిది.
నాన్న కళ్లు చికిలించి
"ఏడో, ఎనిమిదో" అన్నాడు.

పని పట్టాను.
అలవాటుగా దారం ముక్కు దగ్గరికి తెస్తే
మసక.
జానెడు జరిపితే వచ్చింది,
దారమంత దారం. తాడు కాదు.
నూగు లేదు.
ఆ చిన్న లోకం ఎటు పోయిందో
డాక్టరమ్మ కాగితాల్లో లేదు.
ఆ రోజు నా తప్పు కుట్టు అమ్మ పట్టుకుంది.
ఏమీ అనలేదు.

రాత్రి రొయ్యల చెరువుల మీద దీపాలు.
ఒక్కోదాని చుట్టూ సన్నటి చుట్టు,
దాని చుట్టూ ఇంకోటి.
కొన్నాళ్లుంటాయి, అలవాటవుతాయి, అన్నారు.
ఏరేటర్లు నీళ్లు చిమ్ముతుంటే అవి
గొలుసు కుట్లయి, జాలీలయి,
వరసకి ఎన్నో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను,
లేని కళ్లజోడుని ముక్కు మీద
పైకి తోసుకుంటూ.

పదిహేను రోజులకి అదే అల్లాను.
నడిమధ్య ఖాళీ, చుట్టూ మూడు వరసలు.
షావుకారు అటూ ఇటూ తిప్పాడు.
"ఇదేం డిజైనే?"
చెరువు గట్టు మీద దీపం, అన్నాను.
బల్ల మీద పరిచి, అంచు నొక్కి చూసి
డజనుకు పాత రేటే వేశాడు.