బి సైడు, మూడోది

ఏరియేటర్లు రాత్రంతా ఒకే మాట అంటుంటాయి.
ఇసకపల్లి గుంటల కాడ ఆ మాట వింటా
పదకొండేళ్లు కాపలా కాసినాను.
చెవిలో పాట లేకపోతే
రొయ్యలకంటే ముందు నేనే తేలిపోయేవాణ్ణి.

ఫోన్లో నెలకింతని కడితే
లోకంలో పాటలన్నీ నీవే అన్నారు.
కట్టినాను.
పాప జ్వరంతో ఏడుస్తుంటే ఒక్కసారి జోలపాట పెట్టినాను,
అంతే, నెలరోజులు నన్ను నిద్రపుచ్చాలని చూసింది అది,
కాపలావాణ్ణి!

మొన్న కార్తీకంలో, తుపాను పోయిన మూడోరోజు
మా నాయన పాట వెదికినాను.
పేరుంది, బొమ్మ ఉంది,
అక్షరాలు మాత్రం బూడిదరంగు.
వేలు పెడితే పలకదు.
ఎవరికీ ఎవరికీ చెడిందో,
ఏ ఊళ్లో ఏ కాగితానికి గడువు తీరిందో
నాకెవరు చెబుతారు?
అద్దింటి గోడకు మేకు కొట్టుకున్నట్టుంది
ఇన్నాళ్ల నా వినికిడి.

నాయన పాటంటే నాయన పాడింది కాదు.
లారీ క్లీనరు ఆయన.
కావలి ట్రంకురోడ్డులో జిలానీ కొట్లో
ఎంచి ఎంచి రాయించుకున్న క్యాసెట్టు.
అట్ట మీద ఎర్రసిరాతో జిలానీ రాత:
'బి సైడు మూడోది కొంచెం నలిగింది, ఏమనుకోవద్దు.'

'రేవు దాటి' అనే చోట
'వు'ను టేపు మింగేసేది.
'రే… దాటి' అని వినపడేది.
మా ఇంట్లో అందరం అట్టనే పాడతాం.
చెల్లెలు తన పెళ్లిలో మైకు పట్టుకొని
అట్టనే పాడింది.
ఎవర్ని 'రే' అంటోందని
పెళ్లికొడుకు తరపోళ్లు మొహాలు చూసుకున్నారు.
ఫోన్లో పాట నున్నగా ఉండేది. 'రేవు' పూర్తిగా వినపడేది.
వినపడిన ప్రతిసారీ
మెట్టు లేని చోట కాలు పెట్టినట్టు ఉలిక్కిపడేవాణ్ణి.

డబ్బు కట్టడం మానేసినాను.
"నూటపందొమ్మిదికాడ ఏం మిగులుతాదబ్బా నీకు?"
అనింది సుబ్బరత్న.

అమ్మ కుట్టుమిషను సొరుగులో దొరికింది క్యాసెట్టు,
బొత్తాలతో, తుప్పు సూదులతో కలిసి.
నెల్లూరు సంతపేటలో నాలుగొందలకు పాత డెక్కు.
బెల్టు సాగిపోయుంటే మార్పించినాను.
బూజు పట్టిన టేపును దూదితో తుడిచి
పెన్సిలు దూర్చి తిప్పి తిప్పి
కంప్యూటర్లోకి ఎక్కించినాను.
గంట పాటకు గంట పడుతుంది.
తొందర పెడితే వినదు.

తర్వాత ఊరే తెచ్చిపెట్టింది.
పెంచలయ్య మామ బుర్రకథ, సగం,
మిగతా సగం మీద ఎవరో చంటిబిడ్డ ఏడుపు.
దావీదు మాస్టారు హార్మోనియం,
నడుమ ఆయన దగ్గు, 'మళ్లీ మొదట్నించి' అన్న మాట.
ఏదీ తుడవలేదు.
పేర్లు నేనే టైపు చేసినాను, తెలుగులో,
తెలియనివాటికి 'తెలియదు' అని.

ఇప్పటికి ఆరొందల పన్నెండు.
ఉప్పుగాలికి పాడవుతుందని హార్డుడిస్కును
కవరులో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టినాను.
సుబ్బరత్న దాన్ని పక్కకు జరిపి సోల ముంచుకుంటుంది.
ఏమీ అనదు.
నిన్న మాత్రం
"ఆ దగ్గే పాట ఉంది గదా, అది పెట్టు" అనింది.

జిలానీ కొట్లో ఇప్పుడు ఫోను తొడుగులు, అద్దాలు.
ఆయనకు కుడిచెవి పనిచేయదు.
"ఒక్క క్యాసెట్టూ ఉంచుకోలేదు సామీ, తూకానికేసినా" అన్నాడు.
ఎడమచెవికి ఇయర్‌ఫోను పెట్టినాను.
బి సైడు, మూడోది.

'రే…' కాడికి వచ్చేసరికి
గల్లాపెట్టె మీద తాళం వేస్తున్న వేలు ఆగింది.
"ఇది నా డెక్కే.
కరెంటు పోతాదని తొందరలో ఉన్నా, హెడ్డు తుడవలా."
నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

తొడుగు కోసం వచ్చిన కుర్రాడు
రేటెంతని రెండుసార్లు అడిగినాడు.
ముసలాయన చెయ్యెత్తి వాణ్ణి ఆపినాడు.
ఇంకా ఒక చరణం ఉండాది.